రైలుదారి పక్కన మహావిహారం
ఖరగ్‌పూర్ పరిసరాల ప్రాచీన స్థలాలు

హౌరాలో బయలుదేరి చెన్నై వైపు సాగే రైలు ఖరగ్‌పూర్ జంక్షన్ దాటిన పిదప దక్షిణానికి మలుపు తిరుగుతుంది. హిజ్లీ, నారాయణ్‌గఢ్, బెల్దా, నెకుర్‌సేనీ, దాంతన్, జలేశ్వర్ - ఇలా చిన్న చిన్న స్టేషన్లు కిటికీ పక్కగా వెనక్కు జరిగిపోతుంటాయి. ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు నాలుగైదు తరాలుగా పండుగలకూ, పెళ్ళిళ్ళకూ, చావు కబుర్లకూ ఈ దారినే పలాస, ఆమదాలవలస, విజయనగరం వెళ్ళి వస్తున్నాయి. ఆ కుటుంబాలలో ఎందరో ఈ బండ్లను నడిపినవారు, పట్టాలను సరిచూచినవారు, సిగ్నళ్ళకు దీపాలు వెలిగించినవారు. స్టేషన్ల పేర్లు వారికి వరుసగా కంఠస్థం. అయినా నెకుర్‌సేనీకి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక మట్టిదిబ్బ కింద సుమారు 1,400 సంవత్సరాల నాటి బౌద్ధ మహావిహారం పడి ఉన్నదన్న సంగతి చాలాకాలం వారికే కాదు, చరిత్రకారులకు కూడా తెలియదు.

ప్రాచీన స్థలాల సందర్శన అనగానే మన విద్యార్థులకు అజంతా, హంపి, కోణార్క స్ఫురిస్తాయి. అవి చూడవలసినవే. కాని పాఠశాల విహారయాత్ర అంటే పేరు మోసిన చోటికి పోయి, ఫోటో తీయించుకొని, తిరిగి రావడమన్న అలవాటు ఒకటి మనలో స్థిరపడిపోయింది. తాము బ్రతుకుతున్న నేల మీద, ఒక పూట ప్రయాణంలో ఏమున్నదో తెలుసుకొనే ప్రయాణం వేరు. దానికి ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ కావాలి. అటువంటి ప్రయాణానికి ఖరగ్‌పూర్ ఎంత అనువైన కేంద్రమో చూడటమే ఈ పాఠం.

పట్టాలు తెచ్చిన పట్టణం

ఖరగ్‌పూర్ ప్రాచీన నగరం కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి మెరక నేలను ఎంచుకొని, అక్కడ జంక్షన్‌ను నిర్మించింది. కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన 1900లో పూర్తి కావడంతో హౌరాకు నేరుగా దారి ఏర్పడింది. అంతకు కొద్ది సంవత్సరాల ముందే, 1893-96 మధ్యకాలంలో, బెజవాడ నుంచి కటకం వరకు తూర్పుతీర రైలుమార్గం దశలవారీగా ప్రారంభమైంది. దాని ఉత్తర భాగాన్ని 1902లో బెంగాల్-నాగపూర్ రైల్వే స్వీకరించింది. ఈ ఒక్క మార్పుతో అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాల పల్లెలూ, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే యజమాని కిందికి వచ్చాయి. కరువు సంవత్సరాలలో కూలి కోసం రంగూను ఓడ ఎక్కవలసిన తెలుగువానికి రైలెక్కి చేరగల ఊరు ఒకటి ఏర్పడింది.

అలా వచ్చినవారు గ్రామదేవతలను కూడా వెంట తెచ్చుకున్నారు. పట్టణంలోని తెలుగు పేటలలో నేటికీ మాతా పూజల కాలంలో ఘటాలు ఊరేగుతాయి. వాటిని చూచే జనంలో బెంగాలీ, ఒడియా, హిందీ, పంజాబీ మాట్లాడేవారూ ఉంటారు. ఈ ఊరిని మినీ ఇండియా అని పిలవడం పరిపాటి. అది వట్టి అలంకారం కాదు. ఒకే వర్క్‌షాపు సైరన్‌కు లేచి, ఒకే గేటులోంచి లోపలికి పోయిన మనుషులు కలిసి సమ్మె చేసిన ఊరు ఇది. 1927లో బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు ఖరగ్‌పూర్ కేంద్రం. ఆ కార్మిక సంఘ నాయకుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. ఆయన 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం రాష్ట్ర అధికార భాషలలో తెలుగుకు స్థానం కల్పించడానికి ఆమోదం తెలిపినప్పుడు అందరి దృష్టిలో ఉన్నది ప్రధానంగా ఈ పట్టణమే.

ఈ ఊరి రైలు ప్లాట్‌ఫారం గురించి ఒక మాట. 1,072.5 మీటర్ల పొడవుతో అది దీర్ఘకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదని సామాన్యజ్ఞాన పుస్తకాలన్నీ వ్రాశాయి. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని తీసుకున్నాయి. పాత పుస్తకాలు చదివి పోటీపరీక్షలకు సిద్ధమయ్యేవారు గమనించవలసిన విషయం.

పట్టణంలోనే ఉన్నవి

పేరు రైల్వేది కాదు. ఇందా ప్రాంతంలో ఖడ్గేశ్వర శివాలయం ఉన్నది. ఆ దేవుని పేరు మీదుగానే ఊరికి ఖరగ్‌పూర్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆ దాపునే హిడింబేశ్వరి గుడి. ఈ అడవి హిడింబదనీ, భీముడు ఇక్కడే ఆమెను పెండ్లాడాడనీ స్థలపురాణం. మన దేశంలో భీముడు నడవని అడవి లేదు. శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు ఆవల ఒడిశాలో ఉన్న మహేంద్రగిరి మీద కూడా భీముని గుడి ఉన్నదని తెలిసిన తెలుగు పిల్లవానికి ఈ కథ వింతగా తోచదు. పీర్ లోహానీ దర్గాకు హిందువులూ, ముస్లిములూ కూడ మొక్కుకుంటారు.

హిజ్లీని ప్రాచీన స్థలమనలేము. కాని వారసత్వమంటే వేల సంవత్సరాల నాటిది మాత్రమే కాదు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. భౌతికకాయాలను తీసుకువెళ్ళడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా వచ్చారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1951లో, అదే భవనంలో దేశపు మొట్టమొదటి భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ తరగతులు ప్రారంభమయ్యాయి. నేడు ఆ భవనంలో నెహ్రూ పేరిట విజ్ఞాన ప్రదర్శనశాల ఉన్నది. ఖైదు గదులను కూడా చూడవచ్చు. ఒక్క గంట చాలు.

మొగల్‌మారీ దిబ్బ

ఇప్పుడు నెకుర్‌సేనీ వద్ద విడిచిన మట్టిదిబ్బ సంగతి. ఆ ఊరి పేరు మొగల్‌మారీ. ఖరగ్‌పూర్‌కు దక్షిణ దిశగా, దాంతన్‌కు సమీపంలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1575 మార్చిలో అక్బరు సేనలకూ, బెంగాల్ సుల్తాను దావూద్ ఖాన్ కర్రానీకీ ఈ పరిసరాలలోని తుకారోయ్ వద్ద పెద్ద యుద్ధం జరిగింది. మొగలులు మరణించిన చోటు కనుక మొగల్‌మారీ అయిందని జనం చెప్పుకుంటూ వచ్చారు. ఊరి మధ్య ఎత్తుగా లేచిన దిబ్బకు మాత్రం మరో కథ ఉన్నది. సఖిసేన అనే రాజకుమారి చదువుకొన్న పాఠశాల అదేనట. అక్కడే తోటి విద్యార్థితో ఆమెకు ప్రేమ కలిగిందట. అందుచేత అది సఖిసేన దిబ్బ. కథలో రాజకుమారి సంగతి ఎలా ఉన్నా, అది చదువుల చోటన్న జ్ఞాపకం మాత్రం జనంలో నిలిచి ఉండటం విశేషం.

ఆ దిబ్బ మీద ఇండ్లు వెలిశాయి. పొలం దున్నినప్పుడు, బావి త్రవ్వినప్పుడు, పునాది తీసినప్పుడు ఇటుకలు బయటపడేవి. గ్రామస్థులు వాటినే గోడలకు వాడుకున్నారు. ఇందుకు వారిని నిందించడం తేలిక. ఇటుక కొనలేని ఇంటివానికి కాళ్ళ కింద ఇటుకల గని దొరికితే ఏమి చేస్తాడు? అమరావతి స్తూపం పాలరాళ్ళు 18వ శతాబ్దం చివర ఒక జమీందారు భవనాలకు, తరువాత సున్నపు బట్టీలకు పోయిన సంగతి తెలిసిన తెలుగువారు మొగల్‌మారీ రైతును తప్పు పట్టడానికి తగరు.

కలకత్తా విశ్వవిద్యాలయపు పురాతత్త్వ ఆచార్యుడు అశోక్ దత్తా సువర్ణరేఖా నదీ పరీవాహక ప్రాంతంలో ప్రాచీన నివాసాలను అన్వేషిస్తున్న కాలంలో ఒక స్థానిక ఉపాధ్యాయుడు ఈ దిబ్బను ఆయన దృష్టికి తెచ్చారు. 2003-04లో తవ్వకాలు మొదలై అనేక దశలలో సాగాయి. దత్తా 2012లో మరణించారు. 2013 చివరి నుంచి రాష్ట్ర పురాతత్త్వ శాఖ ఆ పనిని కొనసాగించింది. మట్టి తొలగిన కొద్దీ బయటపడినది ఒక విశాలమైన ఇటుక కట్టడం: ప్రదక్షిణ మార్గం, భిక్షువుల గదులు, అలంకృతమైన ఇటుకలు పేర్చిన గోడలు. గోడల వెంబడి సున్నపు గచ్చుతో మలచిన ప్రతిమలు వరుసగా కానవచ్చాయి. గచ్చు బొమ్మ రాతి బొమ్మ వంటిది కాదు. శతాబ్దాలు మట్టిలో భద్రంగా ఉన్నది కూడా ఎండ, వాన తగిలితే ఒకటి రెండు వర్షకాలాలలో రాలిపోతుంది. కనుక ఇక్కడ తవ్వడం ఎంత పనో, తవ్వినదానిపై కప్పు వేయడం అంత పని. 2016 జనవరిలో ఒకేచోట 95 కంచు ప్రతిమలు దొరకడంతో ఈ గ్రామం పేరు పత్రికలకెక్కింది.

కట్టడం ఆరవ శతాబ్దం నాటికే ఉన్నదనీ, పన్నెండవ శతాబ్దం వరకు ఏదో ఒక రూపంలో నిలిచిందనీ నిపుణుల అంచనా. రాజులు మారారు. ఏడవ శతాబ్దపు గౌడరాజు శశాంకుని కాలం నాటి మేదినీపూర్ తామ్రశాసనాలలో దండభుక్తి అనే మండలం పేరు కనిపిస్తుంది. నేటి దాంతన్ ఆ దండభుక్తియే కావచ్చునని పలువురి అభిప్రాయం. దాంతన్ సమీపంలోని శరశంక అనే మహా తటాకాన్ని శశాంకుడే త్రవ్వించాడని స్థానికులు చెబుతారు.

అన్నిటికంటె ఆసక్తికరమైనవి మట్టి ముద్రలు. అరచేతిలో ఇమిడే కాల్చిన మట్టి బిళ్ళలపై సంస్కృత భాషలో, బ్రాహ్మీ చివరి దశ నుంచి సిద్ధమాతృకకు మారుతున్న లిపిలో కొన్ని అక్షరాలున్నాయి. మొదట వీటిని శ్రీవందక మహావిహారం అని చదివారు. తరువాత మరిన్ని ముద్రలను పోల్చి చూచిన పండితులు ఒకే ఆవరణలో రెండు విహారాలున్నాయని తేల్చారు. ఒకటి యజ్ఞపిండిక మహావిహారం, రెండవది ముగలాయిక విహారిక. చదువరులు ఈ రెండవ పేరును మరొకసారి గమనించాలి. ముగలాయిక - మొగల్‌మారీ. ఊరి పేరులోని మొదటి భాగం అక్బరు సేనలకు దాదాపు వెయ్యేండ్ల ముందు నుంచే ఆ నేలపై ఉండి ఉండవచ్చుననీ, మొగలులు వచ్చిన తరువాత జనం పాత పేరుకు కొత్త అర్థం చెప్పుకున్నారనీ ఊహించడానికి దీనివల్ల వీలు కలుగుతున్నది. ఇది ఊహ మాత్రమే. కాని ఒక్క మట్టి బిళ్ళ ఎన్ని కథలను తిరిగి ప్రశ్నింపగలదో దీనివల్ల తెలుస్తుంది. శాసనం ఒకసారి చదివితే పని ముగిసిందనుకోరాదనడానికి కూడా ఇంతకు మించిన పాఠం లేదు.

దిబ్బను నేటి వరకు కాపాడినవారిలో గ్రామ యువజన సంఘం వారికి మొదటి స్థానం ఇవ్వాలి. తవ్వకాలు లేని నెలలలో కాపలా కాచినదీ, దొరికిన చిన్న వస్తువులను భద్రపరచినదీ, వచ్చిన విద్యార్థులకు చూపించినదీ వారే. ఇటుకలు తీసుకుపోయిన ఊరే ఇటుకలను కాపాడే ఊరైంది.

తెలుగు విద్యార్థికి ఇక్కడొక పోలిక స్ఫురించాలి. వంశధార ఒడ్డున, కళింగపట్నం సమీపంలోని శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. ఆయన పర్లాకిమిడిలో పనిచేసిన ఉపాధ్యాయులు. మొగల్‌మారీలోనూ దారి చూపినది ఒక ఉపాధ్యాయుడే. శాలిహుండం, రామతీర్థం, శంకరం, తొట్లకొండ, బావికొండ - ఉత్తరాంధ్రలోని ఈ బౌద్ధ క్షేత్రాల చుట్టుపట్ల పల్లెల నుంచే ఖరగ్‌పూర్ తెలుగువారి పెద్దలు అధికంగా వచ్చారు. ఒక బౌద్ధ దిబ్బ నీడనుంచి బయలుదేరి, తమకు తెలియకుండానే మరొక బౌద్ధ దిబ్బ పక్కకు వారు చేరుకొన్నారన్నమాట.

ఓడరేవు

ఈ విహారాలకు ప్రాణం పోసినది తామ్రలిప్తి రేవు. నేటి తామ్లుక్ పట్టణమే అది. ఖరగ్‌పూర్ నుంచి పాంశ్‌కూడా మీదుగా హల్దియా వైపు పోయే రైలులో చేరవచ్చు. అయిదవ శతాబ్దం ఆరంభంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇక్కడ రెండేండ్లు ఉండి సూత్రగ్రంథాలకు ప్రతులు వ్రాసుకొని, ప్రతిమల చిత్రాలు గీసుకొని, ఓడ ఎక్కి పద్నాలుగు పగళ్ళు, పద్నాలుగు రాత్రులు ప్రయాణించి సింహళం చేరాడు. ఏడవ శతాబ్దంలో హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడ పది విహారాలను, వేయిమంది భిక్షువులను చూచాడు. ఆ తరువాత ఓఢ్ర, కొంగోద, కళింగ దేశాలు దాటి ఆంధ్రదేశానికీ, ధాన్యకటకానికీ వెళ్ళాడు. స్థూలంగా చూస్తే నేడు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పోయే దిక్కు అదే. 673లో ఇత్సింగ్ సముద్రమార్గాన ఈ రేవులోనే దిగి సంస్కృతం నేర్చుకున్నాడు. అక్షరాభ్యాసానికి ఓడలో వచ్చిన విద్యార్థి అన్నమాట.

రాకపోకలు ఒకవైపువి కావు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగవ పాలన సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీర, గాంధార, చీనా, తోసలి, తామ్రపర్ణి మొదలైన దేశాల పేర్లతో పాటు వంగ దేశం పేరు కూడా ఉన్నది. ఆ దేశాలలో ధర్మప్రచారం చేసిన ఆచార్యుల పరంపరను ఆమె స్మరించింది. కృష్ణా తీరంలోని ఒక గృహిణికి వంగదేశం తెలిసిన పేరే.

నది దూరంగా జరిగిపోయింది. నేటి తామ్లుక్‌లో రేవు ఆనవాళ్ళు వెదకితే నిరాశే మిగులుతుంది. 1954-55లో భారత పురాతత్త్వ శాఖ తవ్వకాలు జరిపింది. పట్టణంలోని మ్యూజియంలో దొరికిన వస్తువులు కొన్ని చూడవచ్చు. వర్గభీమా ఆలయం ప్రసిద్ధం. 1942లో మాతంగినీ హజ్రా మువ్వన్నె జెండా చేతబట్టి తూటాలకు నేలకొరిగినది కూడా ఈ ఊరిలోనే.

గజపతుల రాతి గోడ

ఖరగ్‌పూర్ నుంచి కేశియారీ దారిలో గగనేశ్వర్ గ్రామంలో కురుంబేరా కోట ఉన్నది. దూరం సుమారు 30 కిలోమీటర్లు. కోట అంటున్నాము గాని, లోపల అడుగుపెట్టినవారికి కందకాలూ, బురుజులూ కనిపించవు. లాటరైట్ అనే ఎర్రని, చిల్లులు పడిన రాతితో కట్టిన ఎత్తైన ప్రాకారం, దాని లోపలి వైపు నాలుగు దిక్కులా స్తంభాల వసారా, నడుమ విశాలమైన ప్రాంగణం. చూడగానే ఆలయ ప్రాకారమన్న భావమే కలుగుతుంది. శిథిలమైన ఒక ఒడియా శాసనాన్ని బట్టి దీని నిర్మాణాన్ని 15వ శతాబ్దపు కపిలేంద్ర గజపతికి ఆపాదిస్తారు. ప్రాంగణంలో తూర్పున శివాలయపు పునాదులు, పడమట మూడు గుమ్మటాల మసీదు ఉన్నాయి. మసీదు ఔరంగజేబు కాలంలో, 1691లో మహమ్మద్ తాహిర్ కట్టించినది. ఒకే గోడ లోపల రెండు మతాల ప్రార్థనాస్థలాల గుర్తులున్నాయి. ఒకటి నిలిచింది, ఒకటి కూలింది. ఎవరు ఎప్పుడు ఏది పడగొట్టారన్న వాదానికి పూనుకొనే ముందు అక్కడి రాళ్ళను నిదానంగా చూడటం మంచిది. స్తంభాల వసారాకు వాడిన రాయి, గుమ్మటాల నిర్మాణ పద్ధతి, కమానుల తీరు - ఇవన్నీ కాలాన్ని చెబుతాయి. కట్టడం భారత పురాతత్త్వ శాఖ రక్షణలో ఉన్నది.

ఈ కపిలేంద్రుడు తెలుగువారికి కొత్తవాడు కాదు. రాజమహేంద్రవరం ఆయన అధీనంలోకి వచ్చింది. 1454లో కొండవీడు వచ్చింది. గౌడేశ్వర, నవకోటి కర్ణాట కలబర్గేశ్వర అన్నవి గజపతుల బిరుదులు. మొదటి మాట బెంగాల్‌ను, తరువాతవి దక్కనును తాకుతాయి. ఆ వంశం చేతి నుంచి కొండవీడును శ్రీకృష్ణదేవరాయలు 1515లో గెలుచుకున్నాడు. అంటే కొంతకాలం కురుంబేరా ప్రాకారమూ, కొండవీటి ప్రాకారమూ ఒకే సింహాసనం కింద ఉన్నాయి. 1510లో చైతన్యుడు ఈ ప్రాంతం మీదుగానే పూరీ చేరి, అక్కడి నుంచి సింహాచలం దర్శించి, గోదావరి ఒడ్డున గజపతుల అధికారి రామానంద రాయలను కలిశాడు. రాష్ట్రాల సరిహద్దులు గీసిన పటం మీద ఈ సంగతులు వింతగా కనిపిస్తాయి. నడిచిన కాలిబాట మీద సహజంగా కనిపిస్తాయి.

పాథరా

మేదినీపూర్ పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, కంసావతీ నది ఒడ్డున పాథరా గ్రామం ఉన్నది. ఇక్కడ 34 ఆలయాలున్నాయి. అధికభాగం 18వ శతాబ్దంలోనూ, ఆ తరువాతా స్థానిక జమీందారీ కుటుంబాలు కట్టించినవి. కాల్చిన మట్టి ఫలకాల పనితనం, వంపు తిరిగిన బెంగాలీ కప్పు, నవరత్న ఆలయపు తొమ్మిది శిఖరాలు చూడదగినవి. జమీందారులు వెళ్ళిపోయారు. గుళ్ళు చెట్ల వేళ్ళ పాలైనాయి. నది గట్టును కోస్తూ వచ్చింది. ఇటుకలు మాయమవుతూ వచ్చాయి.

1970 దశకపు ఆరంభంలో పక్క గ్రామం యువకుడు ఒకడు ఈ గుళ్ళ గురించి ఊరూరా మాట్లాడసాగాడు. పేరు యాసీన్ పఠాన్. పాఠశాలలో చిన్న ఉద్యోగం. ముస్లిం యువకునికి హిందూ ఆలయాలతో ఏమి పని అని హిందువులు అనుమానించారు. నీకు వాటితో ఏమి పని అని సొంతవారూ అడిగారు. ఇటుకలు తీసుకుపోయేవారిని ఆయన బతిమాలాడు. జీతం డబ్బు ఖర్చుపెట్టాడు. అధికారులకు ఉత్తరాలు వ్రాశాడు. హిందువులను, ముస్లిములను, గిరిజనులను కలిపి సంరక్షణ సంఘాన్ని ఏర్పరచాడు. భారత ప్రభుత్వం మతసామరస్యానికి ఇచ్చే కబీర్ పురస్కారం 1994లో ఆయనకు లభించింది. 2003లో పురాతత్త్వ శాఖ ఇక్కడి 28 ఆలయాలను తన రక్షణలోకి తీసుకున్నది.

అంటే పని మొదలైన తరువాత ముప్పది సంవత్సరాలకు. ఆ ముప్పది సంవత్సరాలలో ఎన్ని ఫలకాలు పోయాయో లెక్క లేదు. చట్టం వచ్చే లోపల ఒక కట్టడాన్ని నిలిపేది ఆ ఊరివారి సిగ్గు, మమకారం మాత్రమే.

చూడటమెలా?

విద్యార్థుల బృందం ఈ స్థలాలకు వెళ్ళేటప్పుడు ఒక టేపు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు వెంట ఉంటే చాలు. ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలిచి వ్రాసుకోవాలి. మొగల్‌మారీ ఇటుకనూ, పాథరా ఇటుకనూ పక్కపక్కన ఊహించుకుంటే కాలభేదం చేతికి తెలుస్తుంది. ప్రాచీనమైనది పెద్దది, బల్లపరుపుగా ఉంటుంది. తరువాతిది పలుచన, చిన్నది. కురుంబేరాలో రాయి ఎందుకు, పాథరాలో ఇటుక ఎందుకు అన్న ప్రశ్న వేసుకుంటే నేల గురించి తెలుస్తుంది. లాటరైట్ పడమటి మెరకల్లో దొరుకుతుంది. నదుల ఒండ్రు నేలలో రాయి లేదు, మట్టి ఉన్నది. కట్టడం ఏ శైలిదన్న పేరు నేర్చుకోవడం తరువాతి మాట. గ్రామంలోని వృద్ధులు చెప్పే కథను కూడ వ్రాసుకోవాలి. సఖిసేన కథ వంటివి పుస్తకాలలో కంటె ముందు అక్కడే దొరుకుతాయి. ఎంత చిన్న పెంకు ముక్క అయినా జేబులో వేసుకోరాదు. చోటు తప్పిన వస్తువుకు చరిత్ర ఉండదు.

ఖరగ్‌పూర్ తెలుగు ఇండ్లలో నేటి పిల్లలు బెంగాలీలోనో, హిందీలోనో, ఆంగ్లంలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు వింటున్నారు. మీది ఏ ఊరు అని అడిగితే తాతగారి ఊరి పేరు చెబుతారు. ఆ ఊరిలో అడిగితే ఖరగ్‌పూర్ అంటారు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దారిలో ఏమున్నదో చూపించడం పాఠశాలలు చేయగల పని. చందాలు వేసుకొని దూరయాత్రలు చేయనవసరం లేదు. ఒక ఆదివారం ఉదయం బయలుదేరితే సాయంకాలానికి ఇల్లు చేరవచ్చు.

నెకుర్‌సేనీలో పేరున్న ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగవు. ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్ వైపు పోయే పాసింజరు బండి పట్టుకోవాలి. స్టేషన్‌లో దిగినవారిని ఎక్కడికని అడగకుండానే బండివాళ్ళు మొగల్‌మారీ దారి చూపిస్తారు. వరి చేల మధ్య రోడ్డు, చెరువులు, ఆపైన ఇండ్లు. ఆ ఇండ్ల నడుమనే దిబ్బ. తవ్విన భాగం కొంత, తవ్వవలసినది ఇంకా కొంత. తవ్వవలసిన భాగం మీద మనుషులు కాపురముంటున్నారు.